బేరం ఎక్కడ చెడుతోంది?

మంగళగిరిలోనో, పోచంపల్లిలోనో, ఉప్పాడలోనో చేనేత చీరలు అమ్ముకునే ఒక కుటుంబం సొంతంగా వెబ్‌సైటు పెట్టుకుందనుకుందాం. ఇవాళ ఇదేమంత పెద్ద పని కాదు. నెలకింత అని అద్దె కడితే తయారుగా దొరికే ఆన్‌లైన్ దుకాణాలు చాలానే ఉన్నాయి. ఇంట్లో చదువుకున్న పిల్లలు నాలుగు రోజులు కూర్చుంటే సైటు తెరుచుకుంటుంది. ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటనలు వేస్తారు. జనం వస్తారు, చీరలు చూస్తారు, వెళ్లిపోతారు. వెయ్యి మంది వస్తే కొనేది పదిమంది. ఇక ఇంట్లో చర్చ మొదలవుతుంది. సైటు కళగా లేదు, రంగులు మార్పిద్దాం, పైన కదిలే బొమ్మలు పెట్టిద్దాం, పెద్ద కంపెనీల సైటులా కనబడాలి అని. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఆ ఆలోచనకు ఎదురుమాట. చిన్న దుకాణంలో బేరం చెడడానికి కళ తక్కువ కావడం కారణం కాదు. కొనేవారికి ఒక అనుమానం వస్తుంది. అది వచ్చిన చోట జవాబు ఉండదు, అడుగుదామంటే మనిషి ఉండడు, సైటు మూసేసి ఇంకో పనిలో పడిపోతారు. కాబట్టి ఆ అనుమానాలు ఏ వరసలో పుడతాయో కనిపెట్టి, అదే వరసలో జవాబులు పెట్టుకుంటూ పోవాలి. సైటుకు చేయాల్సిన మరమ్మతు ముఖ్యంగా ఇదే.

ముందు లెక్క చూద్దాం. ప్రకటన మీద నొక్కి సైటుకు వచ్చే ఒక్కొక్కరికీ 5 రూపాయలు ఖర్చవుతోందని ఉదాహరణకు అనుకుంటే, వెయ్యి మందికి 5,000 రూపాయలు. అందులో పదిమంది కొంటే ఒక్కో చీర మీద ప్రకటన ఖర్చే 500 పడింది. 1,800 రూపాయల నూలు చీర మీద నూలు, రంగు, జరీ, నేత కూలి, ప్యాకింగ్ అన్నీ పోగా మిగిలేది 500 అయితే ఆ నెల కష్టమంతా ప్రకటనల ఖాతాలోకి పోయినట్టే. ఇప్పుడు అమ్మకం రెట్టింపు చేయడానికి రెండు దారులున్నాయి. ప్రకటన ఖర్చు పదివేలు చేయొచ్చు. అప్పుడు ఇరవై చీరలు అమ్ముడవుతాయి గానీ ఒక్కో చీర మీద ఖర్చు అదే 500, మిగులు అదే సున్నా. రెండో దారి, వచ్చిన ఆ వెయ్యి మందిలోనే పదికి బదులు ఇరవై మంది కొనేలా చూడడం. అప్పుడు చీరకు ఖర్చు 250కి దిగుతుంది, మిగతా 250 ఇంట్లో ఉంటుంది. ప్రకటన జనాన్ని గుమ్మం దాకా తెస్తుంది. గుమ్మం లోపల ఏం జరుగుతోందో చూడకుండా ప్రకటనలు పెంచుకుంటూ పోవడం చిన్న వ్యాపారానికి చాలా ఖరీదైన పొరపాటు.

లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే బజారులో చీరల కొట్టును ఒక్కసారి తలచుకుంటే చాలు. అక్కడ కూర్చున్న గుమాస్తా చీర మడత విప్పి, కొంగు పరిచి, అంచు చేతికిచ్చి, భుజాన వేసి చూపిస్తాడు. "జాకెట్టు ముక్క ఉందా?" "రంగు పోతుందా?" "ఇది నిజంగా మగ్గం మీద నేసిందేనా?" అని అడిగినవాటికీ, అడగబోయేవాటికీ జవాబు చెబుతూనే ఉంటాడు. బిల్లు రాసేలోపు అతను తీర్చిన అనుమానాలు లెక్కపెడితే ఇరవై దాకా తేలతాయి. అదే చీర సైటులోకి వచ్చేసరికి ఒక ఫోటో, కింద "గ్రీన్ కాటన్ శారీ, 1,800" అన్న ఒక ముక్క మిగులుతుంది. గుమాస్తా చెప్పిన మాటల్లో ఒక్కటీ పేజీలోకి రాలేదు. అతని మాటలు పేజీలో ఎక్కడ, ఎంత సైజు అక్షరాల్లో, ఏ ఫోటో పక్కన ఉండాలన్నదే అసలు పని. ఆ పని చేశాక రంగులదీ, కదిలే బొమ్మలదీ ఏముంది, తీరుబడి ఉంటే చేసుకోవచ్చు.

మొదటి అనుమానం వస్తువు మీదే. పొడవు ఐదున్నర మీటర్లా? జాకెట్టు ముక్క చీరలో కలిసి వస్తుందా, విడిగా ఇస్తారా, అసలు లేదా? ఎన్నో కౌంటు నూలు? అంచు ఎన్ని అంగుళాలు? మొదటిసారి ఉప్పునీళ్లలో నానబెట్టాలా, డ్రైక్లీనింగ్ చేయించాలా? ఇవన్నీ ఫోటో కిందే నాలుగు వరసల్లో రాయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఫోటోల్లో సాధారణంగా కనిపించని ఒకదాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. పోచంపల్లి ఇక్కత్‌లో నేయడానికి ముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. కాబట్టి బట్ట తిప్పి చూసినా రంగు దాదాపు అంతే చిక్కగా ఉంటుంది. అదే డిజైన్‌ను బట్ట మీద అచ్చు వేస్తే వెనకవైపు సాధారణంగా వెలిసినట్టు కనిపిస్తుంది. ముందు నుంచి తీసిన ఫోటోలో 700 రూపాయల అచ్చు చీరా, పదిరెట్ల ధర పలికే ఇక్కత్ చీరా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తేడా వెనకవైపు ఉంది. కొంగు మూల ఒకటి మడిచి, వెనక వైపు కూడా కనబడేలా తీసిన ఫోటో ఒక్కటి పెడితే, "అసలైన చేనేత" అని పది చోట్ల పెద్దక్షరాల్లో రాసినా రాని నమ్మకం వస్తుంది. అయినా చేనేత సైట్లలో ఈ ఫోటో అరుదు. అందరూ మోడల్‌ను గుడి మెట్ల మీద నిలబెట్టి తీయిస్తారు. అది చూడముచ్చటగా ఉంటుంది, కానీ అనుమానం ఒక్కటీ తీర్చదు.

రంగు సంగతి మరీ చిక్కైనది. ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో ఒక రంగు, పగటి వెలుతురులో ఇంకో రంగు. ఫోను ఫోనుకూ తెర మారితే మళ్లీ తేడా. ఆన్‌లైన్‌లో చీర కొనే ఆడవాళ్ల మొదటి భయం ఇదే. దీనికి పూర్తి మందు లేదు, కానీ సగం మందు ఉంది. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, మెరుగులు దిద్దకుండా ఒక ఫోటో తీయాలి. దాని పక్కన రంగును మాటల్లో చెప్పాలి. మనకు రంగుల పేర్లకు కరువు లేదు. చిలకపచ్చ వేరు, నాచు రంగు వేరు. వంకాయ రంగు, నేరేడుపండు రంగు, ఉల్లిపొర రంగు, గంధం రంగు, ఇటుక రంగు, నెమలికంఠం రంగు అంటే ఏ ఊరి మనిషికైనా కళ్లకు కడుతుంది. "గ్రీన్", "డార్క్ గ్రీన్", "గ్రీన్ న్యూ" అని రాస్తే ఏం తెలుస్తుంది? పైగా మన రంగుల పేర్లు రాస్తే చీర ఇల్లు చేరాక "ఫోటోలో ఇలా లేదే" అన్న తగాదా తగ్గుతుంది. తెలుగువాళ్లకు అమ్మే సైటులో తెలుగు ఉండాలి గదా అన్న మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. పేజీని పూర్తిగా తెలుగు చేయకపోయినా వివరం, ధర, వాపసు షరతులు తెలుగులో ఉంటే మేలు. మన అక్షరాలకు వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన సైజు, వరసల మధ్య ఎడం మనకు చాలవు. లేత బూడిద రంగు అక్షరాలు వద్దే వద్దు. చీరలు కొనేవాళ్లలో నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లు చాలామంది.

ఇన్ని ఫోటోలు, ఇంత రాత పెడితే పేజీ బరువెక్కి తెరుచుకోదు గదా, పైగా ఇంతంతా ఎవరు చదువుతారు అని అడగొచ్చు. మొదటి అభ్యంతరం నిజమే. మొబైల్‌లో పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్ల కంటే ఎక్కువ పడితే సగానికి పైగా, అంటే 53 శాతం మంది వదిలేసి పోతున్నారని గూగుల్ 2016లో ప్రకటించింది. కానీ తప్పు ఫోటోల సంఖ్యది కాదు, వాటి బరువుది. ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటీ 4, 5 మెగాబైట్లు ఉంటుంది. దాన్ని యథాతథంగా ఎక్కిస్తే బస్సులో కూర్చుని చూసేవారికి తెల్ల తెరే కనబడుతుంది. అదే ఫోటోను ఉచితంగా దొరికే ఏదో ఒక సాధనంతో 150 కిలోబైట్లకు కుదిస్తే కంటికి పెద్ద తేడా తెలియదు. అలా కుదించిన ఎనిమిది ఫోటోలు కలిపినా పాత ఫోటో ఒక్కదాని బరువు ఉండవు. రెండో అభ్యంతరం, ఎవరూ చదవరన్నది, సగమే నిజం. కొననివాళ్లు చదవరు. కొనాలనుకుని ఒక్క అనుమానం దగ్గర ఆగినవాళ్లు ఆ ఒక్కదాని కోసం పేజీ అంతా వెతుకుతారు. రాసేది వాళ్ల కోసం. అందుకే పెద్ద పేరాలు కాకుండా పొడవు, నూలు, అంచు, ఉతుకు అని విడివిడి వరసలు ఉంటే వెతుకులాట తేలికవుతుంది.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. ఎక్కువ బేరాలు చెడేది ఇక్కడే. ఆన్‌లైన్ దుకాణాల తీరును ఏళ్ల తరబడి పరిశీలిస్తున్న డెన్మార్క్ సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, బుట్టలో వస్తువు వేసుకున్నవారిలో సగటున ఇంచుమించు 70 శాతం మంది కొనకుండానే పోతున్నారని చెబుతోంది. ఈ అంకె చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు. అందులో ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు, ధరలు పోల్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను ఏ సైటూ ఆపలేదు. వాళ్లను పక్కన పెట్టి, కొనే ఉద్దేశం ఉండీ మానుకున్నవారిని కారణం అడిగినప్పుడు అన్నిటికంటే ముందు వచ్చేది ఒకటే. డెలివరీ ఛార్జీ, పన్ను, ఇంకేవో రుసుములు కలిసి ఖర్చు మరీ ఎక్కువైంది అని. ఆ సర్వేలు అమెరికా కొనుగోలుదారులవి. అయినా 1,750 అనుకుని బుట్టలో వేసిన చీర, చిరునామా అంతా రాశాక 1,905 అని కనబడితే మన దగ్గర ఎవరూ సంతోషించరు. తేడా 155 రూపాయలే కావచ్చు. కానీ ఆ క్షణంలో పుట్టే అనుమానం డబ్బు గురించి కాదు, మనిషి గురించి. వీళ్లు ఇంకా ఏం దాచారో అని.

దీనికి దుకాణదారు చెప్పే ఎదురుమాట నాకు అర్థమవుతుంది. ఛార్జీ ముందే చూపిస్తే మొదట్లోనే పారిపోతారు, బుట్ట దాకా వస్తే కనీసం కొంతమంది అయినా మొహమాటానికి కొంటారు అని. ఎదుటి మనిషి లేని చోట మొహమాటం ఎక్కడిది? ఫోన్ తెర మూసేయడానికి ఎవరికీ సంకోచం ఉండదు. పారిపోయేవారు ఎలాగూ పారిపోతారు, ఆలస్యంగా పారిపోయినవారు మళ్లీ రారు. చీరల వంటి సరుకుకు దేశంలో కొరియర్ ఖర్చును ధరలోనే కలిపి ఒకే అంకె చూపించడం మంచిదని నా ఉద్దేశం. పక్క దుకాణం కంటే మన ధర ఎక్కువగా కనిపిస్తుందన్న భయం ఉంటే ధర కిందే "డెలివరీతో సహా" అని అదే సైజు అక్షరాల్లో రాయాలి. పచ్చళ్లకు మాత్రం ఈ సూత్రం పనికిరాదు. 250 రూపాయల ఆవకాయ సీసాకు కొరియర్ ఖర్చు కలిపితే ధర వికారంగా కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపించాలంటే సరుకు కంటే రవాణాయే ఎక్కువవుతుంది. అలాంటప్పుడు కిలోకు ఎంత, రెండు కిలోలకు ఎంత, అయిదు కిలోలకు ఎంత అన్న పట్టీ సీసా ఫోటో పక్కనే ఉండాలి. అది చూసినవారు ఒక సీసాకు బదులు నాలుగు కలిపి తెప్పించుకునే అవకాశం కూడా ఎక్కువ. చట్టం కూడా ఇదే వైపు ఉంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు మొత్తం ధరను ఒకే అంకెలో, దాని విడివిడి వివరంతో చూపించాలంటాయి.

ధర నచ్చింది, కొందామనుకున్నారు. అప్పుడు సైటు "ముందు ఖాతా తెరవండి, పాస్‌వర్డ్ పెట్టుకోండి" అంటుంది. కొనడానికి వచ్చినవారిని సభ్యత్వం అడగడం ఇది. ఈ విషయంలో వెబ్ డిజైన్ రంగంలో అందరూ చెప్పుకునే ఒక ఉదాహరణ ఉంది. అమెరికా నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో రాశారు. ఒక పెద్ద దుకాణం సైటులో డబ్బు కట్టే ముందు "రిజిస్టర్" అన్న మీట ఉండేది. దాన్ని తీసేసి "కొనసాగండి" అన్న మీట పెట్టి, కొనడానికి ఖాతా అక్కర్లేదని ఒక చిన్న వాక్యం రాశారు. కొనేవారి సంఖ్య 45 శాతం పెరిగింది, మొదటి ఏడాదిలో అదనపు అమ్మకం 30 కోట్ల డాలర్లు. అంత పెద్ద దుకాణం లెక్క మన మంగళగిరి సైటుకు వర్తించదు, అంత పెరుగుదల వస్తుందని ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు. కానీ కారణం వర్తిస్తుంది. కొత్తవాళ్లు ఖాతా ఎందుకని విసుక్కుంటారు, పాతవాళ్లు పాస్‌వర్డ్ మరిచిపోతారు. చీర పంపడానికి దుకాణదారుకు కావలసింది పేరు, ఫోన్ నంబరు, పిన్‌కోడ్, చిరునామా. ఇంతకు మించి అడిగేదేదైనా అడ్డమే. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి మన దగ్గర ఉంది. అది కొడితే రాష్ట్రం, జిల్లా వాటంతటవే నిండేలా చేయొచ్చు. ముప్పైకి పైగా రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల జాబితాలోంచి ఆంధ్రప్రదేశ్‌నో తెలంగాణనో వెతికించనక్కర్లేదు. ఫోన్ నంబరు గడి మీద నొక్కితే అంకెల కీబోర్డే రావాలి. "రామాలయం వెనక సందు" అని రాసుకోవడానికి ఆనవాలుకు ఒక గడి ఉండాలి, మన ఊళ్లలో డెలివరీ కుర్రాడికి ఇంటి నంబరు కంటే అదే ముఖ్యం.

డబ్బు కట్టే చోట ఒక విచిత్రమైన లోపం చిన్న సైట్లలో తరచు కనిపిస్తుంది. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచీ కొట్టుకొట్టుకూ క్యూఆర్ బొమ్మ అలవాటైపోయింది కాబట్టి సైటులోనూ అదే బొమ్మ పెడతారు. కొనేవారు సైటు చూస్తున్నది ఫోన్‌లో. స్కాన్ చేయాల్సింది కూడా ఆ ఫోన్‌తోనే. తన తెరను తానే ఎలా స్కాన్ చేస్తుంది? స్క్రీన్‌షాట్ తీసి, పేమెంట్ యాప్ తెరిచి, గ్యాలరీలోంచి ఆ బొమ్మ ఎక్కించి, అంకె కొట్టి, డబ్బు పంపి, దాని స్క్రీన్‌షాట్ మళ్లీ వాట్సాప్‌లో పెట్టాలి. ఈ తతంగం తెలిసినవాళ్లు చేస్తారు. తెలియనివాళ్లు రేపు చూద్దాంలే అనుకుంటారు. నొక్కగానే ఫోన్‌లోని యూపీఐ యాప్, మొత్తం అంకెతో సహా, నేరుగా తెరుచుకునే మీట పెట్టడం చాలా పేమెంట్ సేవలతో కుదురుతుంది. క్యూఆర్ బొమ్మను కంప్యూటర్‌లో చూసేవారికి మాత్రం ఉంచితే సరి.

డబ్బు ముందే కట్టాలంటే అవతలి మనిషి ఎవరో తెలియాలి. ఇక్కడ చిన్న దుకాణానికి నిజంగానే పెద్ద కంపెనీల కంటే ఎక్కువ అనుకూలత ఉంది, కానీ చాలామంది దాన్ని దాచుకుంటారు. "మేము" అని రాస్తారు తప్ప పేరు రాయరు, ఊరు రాయరు. దుకాణం పేరు, పూర్తి చిరునామా, ఫోన్ నంబరు, ఫిర్యాదు ఎవరికి చేయాలో సైటులో ఉండాలని పైన చెప్పిన 2020 నియమాలే అంటున్నాయి. మగ్గం ఫోటో, చేనేత గుర్తు ఉంటే దాని ఫోటో, పట్టుకు సిల్క్ మార్క్ ఉంటే అదీ, చీర ఫోటో దగ్గరే ఉండాలి. "మా గురించి" అన్న పేజీలో పెడితే అక్కడిదాకా వెళ్లేవాళ్లు తక్కువ. వాపసు షరతుల దగ్గరికి వచ్చేసరికి దుకాణదారు గట్టిగానే వాదిస్తారు. పెళ్లికి కట్టుకుని మడతపెట్టి తిప్పి పంపిస్తారండీ అని. అది జరుగుతుంది, కాదనలేం. దానికి విరుగుడు వాపసే లేదనడం కాదు. కుచ్చిళ్ల దగ్గర కట్టిన చీటీ తెగకుండా ఉంటేనే, ఇన్ని రోజుల్లోపే, మార్పిడికి మాత్రమే అని స్పష్టమైన షరతు పెట్టొచ్చు. చేనేతలో అక్కడక్కడ పోగు ముడి, నేతలో చిన్న తేడా సహజమని, అది లోపం కిందికి రాదని ముందే ఫోటోతో చూపిస్తే సగం వాపసులు పుట్టకముందే ఆగుతాయి. క్యాష్ ఆన్ డెలివరీ ఇంకా పెద్ద తలనొప్పి. పార్సెల్ తీసుకోకపోతే రానూపోనూ కొరియర్ ఖర్చు దుకాణం నెత్తినే పడుతుంది. అయినా దాన్ని ఒక్కసారిగా ఎత్తేయమని నేను చెప్పను. మొదటిసారి కొనేవారికి అది నమ్మకానికి దగ్గరి దారి. వంద రూపాయలు ముందు కట్టించుకుని, పంపే ముందు ఒక ఫోన్ చేస్తే ఉత్తుత్తి ఆర్డర్లు చాలావరకు వడపోతలో పోతాయి.

ఎన్ని చీరలు చూపించాలన్నది ఇంకో ప్రశ్న. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 2000లో అచ్చువేసిన జామ్ ప్రయోగం గురించి మీలో కొందరు వినే ఉంటారు. కాలిఫోర్నియాలోని ఒక కిరాణా దుకాణంలో 24 రకాల జామ్ పెడితే రుచి చూడడానికి ఆగినవారిలో 3 శాతం మంది కొన్నారు, 6 రకాలే పెడితే 30 శాతం మంది కొన్నారు. ఇది చెప్పి, సరుకు తగ్గించేయండని సలహా ఇచ్చేవారు చాలామంది. కానీ 2010లో ఇలాంటి 50 ప్రయోగాలను కలిపి లెక్కచూస్తే సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. అందుకే రకాలు తగ్గించమనడం కంటే వరస పెట్టమనడం న్యాయం. నూలా పట్టా, ఎంతలోపు, పెళ్లికా రోజువారీకా అన్న మూడు ప్రశ్నలతో రెండు వందల చీరల్లోంచి పన్నెండింటికి చేర్చగలిగితే సంఖ్య భయపెట్టదు. చేనేతలో చాలా చీరలు ఒక్కొక్కటే ఉంటాయి కాబట్టి అమ్ముడైనవాటిని వెంటనే తీసేయాలి. నచ్చినదల్లా "అయిపోయింది" అని కనబడే సైటు మీద విసుగు రాక ఏమవుతుంది?

పెద్ద సైట్లన్నీ కొనేవారిని తొందరపెడుతూనే ఉన్నాయి గదా, గడియారం తిరుగుతుంటుంది, "ఇప్పుడే పద్నాలుగు మంది చూస్తున్నారు" అని వస్తుంది, వాళ్లకు పనిచేసింది మాకెందుకు పనిచేయదు అన్నది తీసిపారేయలేని అభ్యంతరం. పనిచేస్తుంది, ఒకసారి. అబద్ధపు తొందర, చెప్పకుండా బుట్టలో వస్తువు చేర్చడం, ధరను కొంచెం కొంచెంగా పెంచుతూ చూపించడం వంటి 13 రకాల మాయలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చి నిషేధించింది. చట్టాన్ని పక్కన పెట్టినా వ్యాపారానికే నష్టం. కొత్తవారిని తేవడానికి ప్రతిసారీ ప్రకటన ఖర్చు ఉంటుంది, రెండోసారి వచ్చేవారికి ఉండదు. చిన్న దుకాణం బతికేది ఆ రెండో చీర మీద. నిజంగా ఒక్కటే చీర ఉంటే "ఇది ఒక్కటే ఉంది" అని రాయండి, అందులో మాయేమీ లేదు.

మరి ఏ మార్పు పనిచేసిందో తెలిసేదెలా? పెద్ద కంపెనీలు వచ్చినవారిలో సగం మందికి పాత పేజీ, సగం మందికి కొత్త పేజీ చూపించి పోల్చుకుంటాయి. చిన్న దుకాణానికి ఆ దారి మూసుకుపోయినట్టే. నూటికి ఇద్దరు కొంటున్న చోట రెండున్నర మంది కొంటున్నారని నమ్మకంగా తేల్చాలంటే, గణాంక శాస్త్రం ప్రకారం ఒక్కో పేజీని సుమారు 14,000 మంది చూడాలి. రోజుకు వంద మంది వచ్చే సైటుకు అది తొమ్మిది నెలల పని. ఆలోగా దసరా, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాలు వచ్చి లెక్క కలగాపులగమైపోతుంది. ఒక వారం అమ్మకం చూసి "మీట రంగు మార్చాం, పెరిగింది" అనుకోవడం భ్రమే. చిన్నవారికి పనికొచ్చేది ఇంకో పద్ధతి. జేకబ్ నీల్సన్ 2000లో చెప్పినదాని ప్రకారం ఐదుగురు వాడుతుండగా పక్కన కూర్చుని గమనిస్తే ఇబ్బందుల్లో 85 శాతం దాకా బయటపడతాయి. ఆ శాతం మీద వాదనలున్నా ఐదుగురిని చూడడం ఎవరినీ చూడకపోవడం కంటే ఎంతో నయం. చుట్టాలు బాగుందనే అంటారు గదా అంటారా? బాగుందా అని అడగొద్దు. "వంకాయ రంగు నూలు చీర, రెండు వేల లోపు, మీ అక్కకు పంపించండి" అని చెప్పి ఫోన్ చేతికిచ్చి, నోరు మెదపకుండా కూర్చోవాలి. వేలు ఎక్కడ ఆగిందో, కళ్లు ఎక్కడ చిట్లించారో అక్కడ ఒక జవాబు లోపించింది.

వాట్సాప్ ఉండగా సైటెందుకు అనేవారికి కూడా జవాబు చెప్పాలి. వాట్సాప్ మంచి దుకాణమే, కానీ రాత్రి పదకొండింటికి వచ్చిన ప్రశ్నకు పొద్దున్న జవాబిచ్చేసరికి కొనాలన్న మనసు మారిపోయి ఉంటుంది. ఆ ప్రశ్నలకు అంతకంటే పెద్ద విలువ వేరే ఉంది, పేజీలో ఏ జవాబు లేదో అవి చెబుతాయి. అడిగినవారు ఒక్కరైతే, అడగకుండా పోయినవారు ఎంతమందో! ఇక మిగిలింది ధరే అన్నిటికీ మూలమన్న వాదన. మరమగ్గం మీద నేసిన నకలు 600కు దొరుకుతుంటే 1,800 పెట్టి ఎవరు కొంటారని. 600దే కావాలనుకునేవారు మన కొనుగోలుదారులు కారు, ఏ డిజైనూ వాళ్లను మార్చదు. నాసిరకం సరుకును, ఆలస్యపు డెలివరీని కూడా ఏ పేజీ కాపాడలేదు. కానీ తేడా తెలిస్తే 1,800 పెట్టడానికి సిద్ధంగా ఉన్నవారు తేడా కనబడక 600దే కొంటున్నారంటే ఆ తప్పు ధరది కాదు, పేజీది.

చిన్న ఆన్‌లైన్ దుకాణం నడుపుతున్న శ్రోతలకు ఒక మనవి. ఈ వారం కొత్త ప్రకటనకు డబ్బు కట్టకండి. పోయిన నెల మీ వాట్సాప్‌కు వచ్చిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాయండి. అందులో అన్నిటికంటే ఎక్కువమంది అడిగినదానికి జవాబును ఫోటో కింద, ధర పక్కన, వేలితో తెర జరపకుండానే కనబడే చోట రాయండి. ఆ తర్వాత రెండోదాని సంగతి చూడండి.